నీళ్ల గిన్నె ముందు, పట్టకారు తర్వాత

టరాంటులాను పెంచుతున్నానని చెబితే అందరూ మొదట అడిగేది, కరుస్తుందా అని. కరవడం అటుంచండి, పెంచేవాళ్లకు అసలు భయం అది కుబుసం విడిచేటప్పుడు. మామూలు రోజుల్లో ఇంత తేలికైన పెంపుడు ప్రాణి ఇంకోటి ఉండదు. వారానికో ఇలకోడి, గిన్నెలో నీళ్లు, దాక్కోవడానికి ఓ బెరడు ముక్క చాలు. అరవదు, సోఫాలు గీకదు, షికారుకు తీసుకెళ్లమనదు. కానీ పెద్దదైన ఆడ టరాంటులా ఏడాదికో, రెండేళ్లకో ఒకసారి ఒంటిమీది పెంకు మొత్తం వదిలి బయటికి రావాలి. ఆ కొన్ని గంటల్లో ఏదైనా అడ్డం తిరిగితే మనం చేయగలిగింది బహు కొంచెం. ఆ కొంచెం ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో తెలియడమే ఈ పెంపకంలో పనితనం.

మా ఇంట్లోది మెక్సికో పసిఫిక్ తీరపు ఎర్రమోకాళ్ల జాతి. నల్లటి ఒళ్లు, కాళ్ల కీళ్ల దగ్గర నారింజ రంగు పట్టీలు. ఇక్కడ డాలస్‌లో మా అబ్బాయి ముచ్చటపడి తెచ్చుకున్నాడు. వాడు కాలేజీకి వెళ్లిపోయాక నా నెత్తిన పడింది. ఈ జాతి ఆడవి ఇరవై ఏళ్లు దాటి కూడా బతుకుతాయి. వాడి పెళ్లి నాటికి ఇదీ ఉంటుంది.

కుబుసానికి కొన్ని వారాల ముందే తిండి మానేస్తుంది. పొట్ట మీద వెంట్రుకలు రాలిపోయిన బోడి చోటు క్రమంగా నల్లబడుతుంది. లోపల కొత్త వెంట్రుకలు సిద్ధమయ్యాయన్నమాట. ఆ తర్వాత నేలమీద పట్టుదారాలు పరుచుకుని వెల్లకిలా పడుకుంటుంది. చచ్చిపోయిందని కొత్తవాళ్లు తీసి పారేసేది సరిగ్గా ఇప్పుడే. చచ్చే టరాంటులా సాధారణంగా వెల్లకిలా పడదు, ఉన్నచోటే కాళ్లు ఒంటికిందికి ముడుచుకుంటుంది.

సాలీడు కాళ్లలో రెండు ముఖ్యమైన కీళ్లకు ముడిచే కండరాలే గానీ చాపే కండరాలు లేవు. ఒంట్లోని ద్రవం ఒత్తిడితోనే కాలు చాచుకుంటుంది. కుబుసం విడవడమూ ఆ ఒత్తిడి మీదే నడుస్తుంది. పొట్టలోని ద్రవాన్ని ముందుభాగంలోకి నెడుతుంది, వీపు పెంకు అంచున చిట్లి పైకి లేస్తుంది. పాత పెంకుకూ కొత్త చర్మానికీ మధ్య పలచని ద్రవం ఉండి కాళ్లను జారనిస్తుంది. కాళ్ల తొడుగులే కాదు, కోరల పైపొర, పుస్తకాకార ఊపిరితిత్తుల లోపొర, ఆహారం పీల్చే జీర్ణాశయపు లోపొర కూడా ఊడి వస్తాయి. ఒంట్లో నీరు తక్కువైతే ఈ పనంతా మధ్యలోనే ఆగిపోవచ్చు.

కిందటి వేసవిలో మా దానికి అలాగే అయింది. ఏసీ గాలికి గది ఎండిపోయి ఉంది. వీపు, పొట్ట, ఆరు కాళ్లు బయటికొచ్చాయి. ఎడమవైపు వెనక కాళ్లు రెండూ పాత పెంకులోనే ఉండిపోయాయి. రాత్రి గడిచినా కదలిక లేదు. కొత్త చర్మం లేతగా ఉండగా ముట్టుకుంటే చిరుగుతుంది, పూర్తిగా గట్టిపడేదాకా ఆగితే ఇక ఊడదు.

ముందు చేతి తొడుగులు, కళ్లద్దాలు పెట్టుకున్నాను. ఈ జాతి పొట్టమీది వెంట్రుకలు ఒంటికి గుచ్చుకుంటే దురద, కంట్లో పడితే డాక్టరే దిక్కు. గోరువెచ్చని నీళ్లు, బొమ్మలు వేసే సన్న కుంచె, మొన సన్నని పట్టకారు దగ్గర పెట్టుకుని, కాళ్లకు అంటుకున్న పాత పెంకును మాత్రమే కుంచెతో తడుపుతూ వచ్చాను. ఊపిరితిత్తుల చీలికలు పొట్ట అడుగువైపు ఉంటాయి. అక్కడ నీళ్లు నిలవకూడదు. పెంకు మెత్తబడ్డాక పట్టకారుతో దాని ఖాళీ అంచు పట్టి ఉంచాను. లాగే పని దానిదే. కాసేపటికి ఒక కాలు వచ్చింది, కాస్త వంకరగా. రెండోది పాదం దగ్గర బిగుసుకుపోయింది. అక్కడితో చేయి తీసేశాను. కాలికి ముక్క అంటుకుని ఉంటే ప్రాణం పోదు, కీలు చిరిగి రక్తం కారితే పోతుంది. పనికిరాని కాలును మొదలు దగ్గర తెంచుకోవడం టరాంటులాకు తెలుసు. తర్వాతి కుబుసాల్లో అది మళ్లీ చిన్నగా మొలిచి పెరుగుతుంది. మాదీ కొన్నాళ్లకు ఆ కాలు వదిలేసుకుంది.

గుంతకల్లు నుంచి మా అమ్మ ఫోన్ చేసి, “ఏమే, ఆ పురుగుకు బాలింత సేవ చేస్తాండావా?” అంది.

“అవునుమా, పథ్యం గూడా ఉంది” అన్నాను.

నిజంగానే ఉంది. కుబుసం విడిచాక కోరలు తెల్లగా, మెత్తగా ఉంటాయి. ఎర్రబడి, చివరికి నల్లబడతాయి. అప్పటిదాకా నీళ్లే. ఈలోగా బతికున్న ఇలకోడిని వేస్తే అదే దీన్ని కొరుక్కు తింటుంది. కోరలు నల్లబడ్డాక చిదిపిన ఇలకోడిని నోటి దగ్గర పెట్టాను. ఇదే అసలు పరీక్ష, ఎందుకంటే జీర్ణాశయపు పాతపొర లోపలే ఉండిపోతే ఏమీ తినలేదు. మాది పీల్చి పీల్చి పిప్పి వదిలింది.

తడి టిష్యూ పరిచిన డబ్బాలో పెట్టడాన్ని పెంపకందార్లు ఐసీయూ అంటారు. ఒంట్లో నీరు తగ్గిన దానికి పనికొస్తుంది గానీ, గాలాడని తడిలో ఎక్కువసేపు ఉంచితే కొత్త జబ్బు తెచ్చినట్టే. కుబుసానికి ముందు వారాల్లో గిన్నె ఎండకుండా చూస్తే ఆ డబ్బా అవసరం చాలా అరుదు.

అమ్మకు ఇదంతా అమెరికా పిచ్చి. కానీ ప్రపంచంలో పెంపకందార్లు ఎగబడే నీలి టరాంటులా పేరు గుంతకల్లుకు దగ్గర్లోని గుత్తిదే. గుత్తిలో దొరికిన దాన్ని జంతుశాస్త్రవేత్త పోకాక్ 1899లో వర్ణించాడు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ కనిపించింది. ఇప్పుడు అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ జాబితాలో అంతరించే ముప్పు అత్యంత ఎక్కువగా ఉన్నవాటిలో ఒకటి. చెట్టు తొర్రలోంచి తీసి డబ్బాలో పెట్టిన దానికి ఒక్క కుబుసం అడ్డం తిరిగితే పోయేది ఆ కాస్త అడవి సంపదే. పెంచాలనుంటే చట్టం ఒప్పుకున్న చోట, పెంపకంలో పుట్టినదాన్నే తెచ్చుకోండి. గిన్నె నింపి ఉంచండి. వెల్లకిలా పడుకుంటే మూత వేసి పక్కకు తప్పుకోండి.