పాతాళభైరవి : మాంత్రికుని వాక్కు

1951వ సంవత్సరమున విజయా సంస్థవారు వెలువరించిన ‘పాతాళభైరవి’ చిత్రమును వినోదమాత్రముగా నెంచి పండితు లుపేక్షించుట యుచితము కాదు. కదిరి వెంకటరెడ్డిగారి దర్శకత్వమున, పింగళి నాగేంద్రరావుగారి రచనతో వచ్చిన యీ జానపదకథ యేడు దశాబ్దములు గడచినను వాడలేదు. నేడు మదీనాగూడవంటి క్రొత్త నివాసములలో బెరుగు బాలురనోట ‘డింభక’ శబ్దము వినవచ్చినను వింత లేదు.

ఈ కథకు విదేశమూలమును జెప్పువారు కలరు. దూరదేశపు మాంత్రికుడు తనకై తాను పొందలేని వస్తువు నాశించి సాహసియగు పేదయువకుని గుహకు గొనిపోవుట, ఆ వస్తుప్రభావమున మేడ వెలయుట, అది రాకుమారితోగూడ నపహరింపబడుట అల్లావుద్దీన్ కథయందు నున్నవే. అయితే ఆ కథయు బ్రాచీనమైన అరబ్బీ వ్రాతప్రతులలో లేదు. అలెప్పోవాసి హన్నా దియాబు చెప్పగా 1709లో విని, ఫ్రెంచి పండితుడు గాలాన్ 1712లో బ్రకటించెను. కావున మూలమను మాట నిచట మెలకువతో వాడవలయును.

అదియునుగాక, చిత్రమునకు బ్రాణమైన ఘట్టము అల్లావుద్దీన్ కథలో లేదు. బలి యీయదలచినవాడే బలియగుట మన బేతాళకథలలోనిది. అందు భిక్షువు విక్రమార్కుని బలిగోరగా బేతాళుడు హెచ్చరించును. ఇందు శాపము తొలగిన మకరి యా యుపకారమును రామునికి జేయును. కథాస్థలము ఉజ్జయిని యగుట కాకతాళీయమని తోపదు. విక్రమార్కుని తావున తోటమాలి కొడుకును నిలుపుటయే పింగళివారి సాహసము.

లోపము లేకపోలేదు. ప్రతిమ చేజిక్కిన పిమ్మట కథ సడలినది. కోరినదెల్ల భైరవి యొసగుచుండ నాయకుని పౌరుషమునకు బనియేమి? సంజీవనితో బ్రతికిన మాంత్రికునికి ఆ ప్రతిమ దక్కిన తరువాతనే కథ మరల బిగియును.

ప్రేక్షకు లీ చిత్రమును మాటిమాటికి జూచుట నాయకునికొరకు గాదు, ఎస్. వి. రంగారావుగారి నేపాళమాంత్రికునికొరకే. డింభశబ్దము శిశువాచకము; నిఘంటువులలో నణగియున్న దానిని పింగళివా రీ పాత్రనోట నుంచి వాడుకలోనికి దెచ్చిరి. తోటరాముని తేటతెనుగు ప్రక్కన నా సంస్కృతము మిక్కిలి బరువై, ఆ బరువుచేతనే నవ్వు పుట్టించును. హాస్యమునకు భయానకము విరోధియని సాహిత్యదర్పణకారుని మతము. ఇచట రెండును నొక్క పాత్రనే యాలంబనముగా గొన్నవి. అయినను రసభంగము కలుగలేదు. ఏలన, భయమునకు రాకుమారి యాశ్రయము, నవ్వునకు బ్రేక్షకుడు. ఆశ్రయభేదమున విరోధము శమించునని ఆనందవర్ధనుడు చెప్పియేయున్నాడు.

ఈ మేళనమునకు గడ్డపుఘట్టమును మించిన తార్కాణ లేదు. శిష్యుని వేషమున వచ్చిన అంజి మాట నమ్మి, రాకుమారి మెచ్చునను నాసతో, తన శక్తికి నెలవైన గడ్డమును మాంత్రికుడు తానే వదలుకొనును. అంతవరకు బాలురను జడిపించినవాడు అద్దము ముందర బెండ్లికొడుకువలె మురియును.