ఆయన అబద్ధమాడటం లేదమ్మా

మెదడు జబ్బుల వార్డులో స్కానింగులు, రక్తపరీక్షలు చెప్పేది చాలానే ఉంటుంది. అయినా రోగి పక్కన కూర్చుని మాట్లాడటాన్ని మించిన పరీక్ష లేదని నా నమ్మకం. మరుపు జబ్బు ఉన్నవాళ్ల దగ్గర ఆ మాట్లాడటం తెలిసి చేయాలి.

ఏళ్ల తరబడి తాగుడు అలవాటున్న ఒక రిటైర్డ్ బస్సు డ్రైవర్‌ని "పొద్దున్నుంచి ఏం చేశారండీ?" అని అడిగాను. "శ్రీశైలం ట్రిప్పు కొట్టొచ్చా సార్. దోర్నాల ఘాట్‌లో ఒకటే వాన" అన్నాడు తడుముకోకుండా. చేతికి సెలైన్ ఎక్కుతోంది. మంచం దిగి వారమైంది. "ఏందయ్యా ఈ అబద్ధాలు!" అంటూ భార్య కళ్లొత్తుకుంది.

అబద్ధమాడాలంటే ముందు నిజం తెలిసుండాలి. ఆయనకు తెలియదు. 1880ల చివర్లో రష్యన్ వైద్యుడు సెర్గేయ్ కోర్సకోవ్ వివరించిన జబ్బు ఇది. థయమిన్, అంటే విటమిన్ బి1, బాగా తగ్గిపోతే జ్ఞాపకాలను నిలిపే మెదడు భాగాలు దెబ్బతింటాయి. కొత్త సంగతులు నిలవవు. ఆ ఖాళీలోకి పాత సంగతులు తేదీలు మరిచి వచ్చేస్తాయి. వైద్యులు దీన్నే కన్‌ఫాబ్యులేషన్ అంటారు. ఆ ఘాట్ రోడ్డు, ఆ వాన ఆయన ఉద్యోగంలో ఎన్నోసార్లు చూసినవే. ఈ రోజువి కావు, అంతే.

లేని జ్ఞాపకాలు మనకూ వస్తాయి. ఒకే భావానికి చెందిన మాటలు వరసగా వినిపించి, వినిపించని మాటను కూడా విన్నామని ఎవరంటారో 1996లో మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ షాక్టర్ బృందం పరీక్షించింది. అలా పొరబడింది మరుపు జబ్బు ఉన్నవాళ్లకంటే ఆరోగ్యవంతులే ఎక్కువ. విన్నవాటి సారం మనసులో నిలిచింది కాబట్టే వాళ్లు పొరబడ్డారు.

రోగి దగ్గరైతే జ్ఞాపకంలోని ఖాళీని నా మాటే నింపేయొచ్చు. అందుకే నేను జవాబు అందించే ప్రశ్న వేయను. "నిన్న మీ అబ్బాయి వచ్చాడు కదా?" అంటే రానివాడు కూడా వచ్చేస్తాడు. "గుర్తులేకపోతే గుర్తులేదని చెప్పండి, ఫర్వాలేదు" అని ముందే చెబుతాను. మందు వేసుకున్నారా, అన్నం తిన్నారా అన్నవి మాత్రం ఇంట్లోవాళ్లనే అడుగుతాను. రోగితో వాదించొద్దని వాళ్లకు చెబుతాను. నిలదీస్తే జ్ఞాపకం తిరిగిరాదు, భయం మాత్రం మిగులుతుంది.

ఇంకొక్క మాట. తిండి మానేసి తాగేవాళ్లు తికమకపడుతున్నా, నడకలో తూలుతున్నా, ఒకటి రెండుగా కనిపిస్తోందన్నా మత్తేలే అని వదిలేయకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆ దశలో థయమిన్ ఇంజెక్షన్లు పడితే చాలామందికి జ్ఞాపకశక్తి దక్కుతుంది.