గ్రీజుకు ఆకు బొమ్మ వద్దు

ఆహార పరిశ్రమల యంత్రాలకు వాడే ఫుడ్‌ గ్రేడ్‌ గ్రీజులకూ ఆయిళ్లకూ ప్రకటనలు రాయడం నా పని. వాటిని చదివేది మెయింటెనెన్స్‌ ఇంజినీరు.

చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీనే తీసుకోండి. తోతాపురి కాయ దిగే ఆ కొద్ది వారాలూ లైను రాత్రింబవళ్లు తిరగాల్సిందే. పల్పర్‌ షాఫ్టు దగ్గర సీలు అరిగి, బేరింగులోని గ్రీజు గుజ్జులోకి జారితే జవాబు చెప్పాల్సింది ఆయనే. రోజూ వేడినీళ్లతో కడిగే చోట గ్రీజు కొట్టుకుపోయి బేరింగు పట్టేస్తే, అప్పుడూ ఆయన్నే పిలుస్తారు. ఇన్ని భయాల మధ్య పనిచేసే మనిషికి పచ్చని ఆకు బొమ్మ చూపించి 'ప్రకృతి సహజం' అంటే ఏం లాభం?

ఆయనకు కావలసింది హెచ్‌1 అన్న గుర్తు, దాని పక్కన రిజిస్ట్రేషన్‌ నంబరు. అమెరికా వ్యవసాయ శాఖ 1998 దాకా ఈ ఆమోదాలు ఇచ్చి మానేసింది. ఆ తర్వాత ఎన్‌ఎస్‌ఎఫ్‌ సంస్థ నమోదు బాధ్యత తీసుకుంది. పొరపాటున ఆహారానికి తగిలే అవకాశం ఉన్న చోట హెచ్‌1 వాడాలి. హెచ్‌2 అసలు తగిలే వీల్లేని చోటికే. రెండు డబ్బాలూ స్టోర్‌ రూములో పక్కపక్కనే ఉంటాయి. అందుకే ఆ అంకె పెద్దగా వేయమని డిజైనర్లతో పోట్లాడుతుంటాను.

హెచ్‌1 అయినంత మాత్రాన ఎంత పడినా ఫర్వాలేదని కాదు. అమెరికా ఎఫ్‌డీఏ నిబంధన ప్రకారం మినరల్‌ ఆయిల్‌ ఆహారంలో 10 పీపీఎం మించకూడదు. అంటే టన్ను గుజ్జుకు 10 గ్రాములు. ఈ మాట రాస్తే సరుకు కదలదని కొన్ని కంపెనీలు జంకుతాయి. రాస్తేనే ఇంజినీరు మిగతా వాక్యాలు నమ్ముతాడని నేనంటాను.

పాత గ్రీజు సంగతి కూడా చెప్పి తీరాలి. పాలీయూరియా గ్రీజు ఉన్న బేరింగులోకే అల్యూమినియం కాంప్లెక్స్‌ గ్రీజు కొడితే, రెండూ పొసగక పల్చబడి కారిపోవచ్చు. పాతదంతా తీసి, శుభ్రం చేసి నింపమని ప్రకటనలో ఒక్క వాక్యం లేకపోతే బేరింగు పోతుంది, నింద కొత్త గ్రీజు నెత్తిన పడుతుంది. ఫుడ్‌ గ్రేడ్‌ సరుకులో పస లేదన్న మాట ఫ్యాక్టరీల్లో పాకేది ఇలాగే.

మెయింటెనెన్స్‌ సోదరులారా, 'ఫుడ్‌ గ్రేడ్‌' అని మాత్రమే రాసి ఊరుకున్న డబ్బా మీ గేటు దాటి వస్తే నంబరు అడగండి. ఎన్‌ఎస్‌ఎఫ్‌ జాబితా ఆన్‌లైన్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. నంబరు చెప్పలేని సరుకును వెనక్కి పంపండి.