గుద్దేసిన బండిలోనే మంచి ఇంజను

అమెరికాలో పాత బండ్ల యార్డుకు ఇంజను ఏరుకోవడానికి వెళ్ళే అనుభవజ్ఞుడు ముందుగా వెతికేది బాగా గుద్దుకున్న బండిని. వెనకనుంచి లారీ వచ్చి కొడితే తొట్టి మొత్తం నుజ్జయిన షెవర్లే పికప్ ఒకటి ఉంటుంది. దాని పక్కనే గీత కూడా పడని, రంగు మెరుస్తున్న పికప్ ఇంకొకటి ఉంటుంది. కొత్తవాడి చెయ్యి సహజంగానే రెండోదాని మీదకు పోతుంది. తెలిసినవాడు మొదటిదాని బానెట్ ఎత్తుతాడు. గుద్దుకున్న బండి తుక్కులోకి ఎందుకు వచ్చిందో చూడగానే తెలిసిపోతుంది, ఆ క్షణం దాకా దాని ఇంజను నడుస్తూనే ఉంది. ఒక్క సొట్టా లేని బండి ఇక్కడికి ఎందుకొచ్చినట్టు? చాలాసార్లు జవాబు బానెట్ కిందే దొరుకుతుంది.

ఒక బండిలోంచి తీసిన ఇంజనును దానికి సంబంధం లేని మరో తేలికపాటి బండిలో దించి వేగం పెంచుకోవడాన్ని ఇంజను స్వాప్ అంటారు. ఈ అలవాటుకు తొంభై ఏళ్ళ చరిత్ర ఉంది. 1932లో ఫోర్డ్ కంపెనీ సామాన్యుడు కొనగలిగే ధరలో వి8 ఇంజను తెచ్చింది. 221 ఘనపుటంగుళాలు, 65 హార్స్‌పవర్. అవి పాతబడి చవగ్గా దొరకడం మొదలయ్యాక దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్ళు వాటిని మోడల్ టి, మోడల్ ఏ బాడీల్లో దించి, మ్యురాక్, ఎల్ మిరాజ్ వంటి ఎండిన సరస్సుల మీద పరుగులు పెట్టించారు. ఈ పరుగులకు గడియారం పట్టే సంఘం, సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్, 1937లో ఏర్పడింది. 1949లో క్యాడిలాక్ కొత్త ఓవర్‌హెడ్ వాల్వ్ వి8 తెస్తే దాన్ని ఫోర్డ్ బాడీలో పెట్టి ఫోర్డిలాక్ అన్నారు, స్టూడిబేకర్‌లో పెట్టి స్టూడిలాక్ అన్నారు. పేర్లు కూడా అతుకులే. 1955లో షెవర్లే స్మాల్ బ్లాక్ వచ్చాక మిగతావన్నీ వెనకబడ్డాయి. చిన్నది, తేలిక, ఎక్కడ పడితే అక్కడ దొరికేది. 2011లో ఆ కుటుంబపు ఇంజన్ల లెక్క 10 కోట్లకు చేరిందని షెవర్లే మాతృసంస్థ జనరల్ మోటార్స్ వేడుక చేసుకుంది.

ఈ తొంభై ఏళ్ళలో గెలిచిన ఇంజన్లన్నీ తుక్కులో కుప్పలుగా పడి ఉన్నవే. షోరూములో మెరిసినవాటి కథ వేరు. దేని విడిభాగాలు ప్రతి ఊళ్ళో దొరుకుతాయో, దేని జబ్బులు ప్రతి మెకానిక్కుకూ తెలుసో అదే నిలబడింది. ఇవాళ ఆ స్థానం అదే జనరల్ మోటార్స్ తెచ్చిన ఎల్ఎస్ ఇంజన్ల కుటుంబానిది.

1997 షెవర్లే కార్వెట్ స్పోర్ట్స్ కారులో ఎల్ఎస్1 వచ్చింది. 5.7 లీటర్లు, అల్యూమినియం బ్లాకు, 345 హార్స్‌పవర్. పేరున్న ఇంజను, అందుకే ధర కూడా పేరుకు తగ్గట్టే ఉంటుంది. రెండేళ్ళకు, 1999లో, అదే డిజైను పోత ఇనుము బ్లాకుతో పికప్ ట్రక్కుల్లోకి దిగింది. 4.8, 5.3, 6.0 లీటర్ల రకాలు. వీటిలో 5.3, కంపెనీ కోడులో ఎల్ఎం7, లెక్కలేనన్ని సిల్వరాడోల్లో, టాహోల్లో, సబర్బన్‌లలో వచ్చింది. ఎల్ఎస్1, ఎల్ఎం7 కొలతలు పక్కపక్కన పెట్టి చూడండి. స్ట్రోకు రెంటికీ 92 మి.మీ. బోరు ఎల్ఎస్1కి 99, ఎల్ఎం7కి 96. మూడు మిల్లీమీటర్ల తేడాకు, అల్యూమినియం బ్లాకుకు, కార్వెట్ అన్న పేరుకు అన్నేసి డాలర్లు ఎక్కువ పోయడం నాకైతే దండగ అనిపిస్తుంది. ఇనుప బ్లాకు సుమారు 40 కిలోలు బరువెక్కువ, నిజమే. మియాటా లాంటి బుల్లి కారులో ముందు చక్రాల మీద ఆ బరువు తెలుస్తుంది కూడా. తేలిక బ్లాకే కావాలంటే 2005 నుంచి 2007 దాకా కొన్ని పికప్పుల్లో వచ్చిన ఎల్33 ఉంది. అదీ 5.3 లీటర్లే, బ్లాకు మాత్రం అల్యూమినియం. యార్డులో తిరిగేవాళ్ళంతా దానిమీదే కన్నేసి ఉంటారు కాబట్టి దొరకడం అదృష్టం.

ఏ బండిలో ఏ ఇంజను ఉందో తెలుసుకోవడానికి బోల్టు కూడా విప్పనక్కర్లేదు. ముందు అద్దం కింద మూలన ఉండే 17 అక్షరాల వాహన సంఖ్యలో ఎనిమిదోది ఇంజనును చెబుతుంది. ఈ పికప్పుల్లో టి ఉంటే ఎల్ఎం7, యు ఉంటే 6.0 లీటర్ల ఎల్‌క్యూ4, బి ఉంటే ఎల్33. పదో అక్షరం మోడల్ సంవత్సరం. గ్లవ్ బాక్సు తెరిస్తే మూడేసి అక్షరాల కోడులతో నిండిన స్టిక్కరు కనిపిస్తుంది. ఇంజనుతోపాటు గేరుబాక్సు ఏదో, వెనక ఇరుసు నిష్పత్తి ఎంతో అన్నీ అందులో ఉంటాయి. ఎం30 అంటే మామూలు నాలుగు గేర్ల ఆటోమేటిక్, ఎంటి1 అంటే బరువులు లాగే గట్టి ఆటోమేటిక్. రెండోది కనబడితే దాన్ని కూడా బేరమాడటం మంచిది.

ఎన్ని మైళ్ళు తిరిగిందో చూద్దామంటే మీటరు డిజిటల్, బండిలో బ్యాటరీ ఉండదు. అప్పుడు చూడాల్సింది ముందు అద్దం పైమూలన అంటించిన చిన్న స్టిక్కరు. ఆయిల్ మార్చినచోట అంటిస్తారు, తర్వాతి మార్పు ఏ తేదీకి, ఎన్ని మైళ్ళకి అని. ఎండకు సగం వెలిసిపోయిన ఆ స్టిక్కరు రెండు సంగతులు చెబుతుంది. బండి సుమారుగా ఎంత తిరిగిందన్నది ఒకటి. యజమాని ఆయిలు వేళకు మార్పించే మనిషా కాదా అన్నది రెండోది, దీనికే విలువెక్కువ. రెండు లక్షల మైళ్ళు తిరిగి వేళకు ఆయిలు తాగిన ట్రక్కు ఇంజను, లక్ష మైళ్ళకే నిర్లక్ష్యానికి గురైనదానికంటే ఎన్నో రెట్లు నయం.

ఇక ఇంజను దగ్గరకు. సంతలో ఎద్దు పళ్ళు పట్టి చూసినట్టు ఇక్కడ ఆయిల్ మూత తిప్పి చూస్తారు. మూత లోపలివైపు పెరుగు మీగడలాంటి తెల్లటి తెట్టు ఉంటే నీళ్ళు ఆయిల్లో కలుస్తున్నాయని అనుమానం. చలిప్రాంతాల్లో దగ్గర దూరాలే తిరిగిన బండికి ఆవిరి వల్ల కూడా పల్చగా పడుతుంది కాబట్టి మూత ఒక్కదాన్నీ నమ్మకూడదు. గేజి పుల్ల తీసి చూడాలి, వీలైతే అడుగున ఆయిల్ సంపు బోల్టు నెమ్మదిగా వదులు చేయాలి. నీళ్ళు ఆయిలుకంటే బరువు గనక అడుగున చేరతాయి, ఉంటే ముందు అవే కారతాయి. మూత రంధ్రంలోంచి టార్చి వేస్తే రాకర్లు కనిపిస్తాయి. తేనె రంగులో ఉంటే మంచిది. తారు పూసినట్టు నల్లగా గడ్డకట్టి ఉంటే అక్కడితో ఆపి తర్వాతి బండికి వెళ్ళడమే.

ప్లగ్గులు విప్పి వరసగా పెట్టాలి. ఎనిమిదీ ఒకే లేత గోధుమ రంగులో ఉండాలి. ఒకటి ఆవిరితో కడిగినట్టు తెల్లగా, శుభ్రంగా కనిపిస్తే ఆ సిలిండరులోకి కూలెంటు వెళ్ళి ఉండవచ్చు. నల్లగా తడిగా ఉంటే ఆయిలు ఎక్కుతోంది. ప్లగ్గులు తీసి ఉండగానే క్రాంకు పుల్లీ బోల్టుకు 24 మి.మీ. సాకెట్టు తగిలించి రెండు చుట్లు తిప్పాలి. ఎక్కడా పట్టేయకుండా తిరగాలి. ఎవరో ముందే ఇన్‌టేక్ మానిఫోల్డు విప్పి పట్టుకుపోయి, ఇంజను నోళ్ళు తెరిచి వానలో వదిలేసి ఉంటే, ఎంత చవకైనా ముట్టుకోకూడదు. రెండు వానలకే సిలిండర్ల గోడలు తుప్పు పడతాయి.

నడిచే ఇంజనయితే చెవులకు పని. ఈ ఇంజన్లు చల్లగా ఉన్నప్పుడు పిస్టన్ చప్పుడు చేయడం మామూలే, వేడెక్కాక తగ్గిపోతుంది. ఎగ్జాస్టు మానిఫోల్డు చివరి బోల్టు విరిగి, ఆ సందులోంచి గ్యాసు తన్నుతూ టిక్కు టిక్కుమనడం ఈ ట్రక్కులకు ఇంకా మామూలు. విన్నవాళ్ళు టప్పెట్లు పోయాయని భయపడి తక్కువకు అమ్మేస్తారు, బేరం తెలిసినవాడికి పండగ. వేడెక్కేకొద్దీ పెరిగే లోతైన దెబ్బ మాత్రం కనెక్టింగ్ రాడ్ బేరింగుది, దానికి బేరం లేదు. ఇంజను నడుస్తుండగా ఆయిల్ మూత తీసి పొగ ఎగదన్నుతుందేమో చూసే పద్ధతి మనవాళ్ళకు కొత్తేమీ కాదు. పాత కారు కొనేటప్పుడు మన మెకానిక్కులు బ్యాక్ కంప్రెషన్ ఉందా అని చూసేది అదే.

అంతకంటే ఖచ్చితమైనది లీక్‌డౌన్ పరీక్ష. పిస్టన్‌ను పైకి తెచ్చి, రెండు వాల్వులూ మూసుకున్న స్థితిలో ప్లగ్గు రంధ్రంలోంచి కంప్రెసర్ గాలి ఎక్కించి, ఎంత శాతం కారిపోతోందో మీటరులో చూస్తారు. అంకెకంటే గాలి పోయే దారి ఎక్కువ చెబుతుంది. త్రాటిల్ దగ్గర బుస్సుమంటే ఇన్‌టేక్ వాల్వు, సైలెన్సర్ గొట్టంలో వినిపిస్తే ఎగ్జాస్టు వాల్వు, ఆయిల్ మూత దగ్గరైతే రింగులు, రేడియేటరులో బుడగలొస్తే హెడ్ గాస్కెట్. పాత ఇంజనులో రింగుల దగ్గర కొంత గాలి పోవడం సహజం, మిగతా మూడు చోట్లా నిశ్శబ్దంగా ఉండాలి.

2007 ప్రాంతంలో ట్రక్కుల్లో తరం మారింది. కొత్త తరంలో కనెక్టింగ్ రాడ్లు గట్టివి, ఆ మేరకు లాభం. ఇంధనం ఆదా కోసం నడకలోనే నాలుగు సిలిండర్లను ఆపేసే ఏర్పాటు చాలావాటిలో ఉంటుంది, అదే తలనొప్పి. 1, 4, 6, 7 సిలిండర్ల ప్రత్యేక లిఫ్టర్లు అరిగి ఇరుక్కుపోవడం, వాటితోపాటు కామ్ షాఫ్టు పాడవడం తెలిసిన జబ్బే. కొంటే ఆ లిఫ్టర్లు, కామ్ తీసేసి మామూలువి వేసే ఖర్చు కూడా కలుపుకునే ధర కట్టాలి. పాత తరం ఇంజనుకు క్రాంకు సెన్సారు చక్రం మీద 24 గుర్తులు, కొత్తదానికి 58. అందుకే ఒక తరం ఇంజను ఇంకో తరం కంప్యూటరు మాట వినదు.

కంప్యూటరు, దాని వైరింగు ఇంజనుతోపాటు అదే బండిలోంచి రావాలి. పికప్పుల్లో 2003 నాటికి త్రాటిల్ కేబుల్ పోయి ఎలక్ట్రానిక్ పెడల్ వచ్చేసింది. ఆ పెడల్, దాని మాడ్యూల్ కూడా పట్టుకొచ్చుకోవాలి. ఇంజను తెచ్చి పెడల్ మరిచినవాడు మళ్ళీ యార్డుకు వెళ్ళేసరికి ఆ బండి చదునైపోయి ఉంటుంది. వైర్లు కోయకుండా కనెక్టర్ల దగ్గర విప్పుకోవడానికి ఇంజను దించినంత సేపు పట్టినా ఆశ్చర్యం లేదు. ట్రక్కు ఆయిల్ సంపు లోతెక్కువ, కారు కింద వేలాడుతుంది. 1998–2002 కమారో సంపు వేసుకోవడం పాత చిట్కా. ట్రక్కు ఇన్‌టేక్ కూడా ఎత్తు, బానెట్ మూసి చూశాకే సరిపోయిందనుకోవాలి.

చట్టం కూడా ఎంపికను శాసిస్తుంది. కాలిఫోర్నియాలో వేసే ఇంజను బండి మోడల్ సంవత్సరంకంటే పాతది కాకూడదు, దాని కాలుష్య నియంత్రణ సామగ్రి అంతా ఉండాలి. రెఫరీ అనే అధికారిక కేంద్రంలో తనిఖీ చేయించుకోవాలి. మన దేశంలో దారులు మరీ ఇరుకు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, ఆ పైన 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, కంపెనీ ఇచ్చిన స్వరూపానికి విరుద్ధంగా బండిని మార్చడానికి ఒప్పుకోవు. హైదరాబాద్ రోడ్డు మీద ఎల్ఎస్ స్వాప్ కల కనేవాళ్ళు ముందు ఆ సెక్షన్ చదువుకోవాలి.

యార్డు ఇచ్చే గ్యారంటీ సాధారణంగా ఒకటి నుంచి మూడు నెలలు. స్వాప్ పని ఆ గడువులో ముగించినవాళ్ళు తక్కువ, గ్యారేజీలో ఏళ్ళ తరబడి బ్లాకు మీద బట్ట కప్పి ఉంచినవాళ్ళు ఎక్కువ. అందుకే తెచ్చిన వారంలోనే కంప్యూటరు, వైరింగు, బ్యాటరీ, పెట్రోలు డబ్బా, పంపు తగిలించి, స్టాండుకు గట్టిగా బిగించి స్టార్టు చేసి చూడాలి. దానికి ముందు ఇంధనం అందకుండా చేసి స్టార్టరు తిప్పుతూ ఆయిల్ ప్రెషరు లేపాలి. ముల్లు లేవకపోతే కంగారుపడి ఇంజను వెనక్కి పంపేయనక్కర్లేదు, సంపులోంచి ఆయిలు పీల్చే పికప్ గొట్టం దగ్గర గట్టిపడిపోయిన రబ్బరు రింగు మార్చి చూడాలి. ఆ రింగు ఖరీదు రెండు మూడు డాలర్లు. అప్పటికీ లేవకపోతే రసీదు ఎక్కడ పెట్టారో వెతుక్కోండి.