పతకం అంచు చదివేవారు

సైనిక పతకాల పరిశోధన అంచు దగ్గర మొదలవుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ తన సిపాయిలకిచ్చిన యుద్ధ పతకం, విజయ పతకాల అంచు మీద నంబరు, హోదా, పేరు, పటాలం అచ్చుపడి ఉంటాయి. 1914-15 నక్షత్రం (స్టార్) అనే పతకానికైతే అవి వెనకవైపు ఉంటాయి. పరిశోధకుడు భూతద్దం పెట్టి ఆ అక్షరాల తీరు, లోతు చూస్తాడు. పాత పేరు అరగదీసి కొత్త పేరు కొట్టిన చోట అంచు పలచబడుతుంది. నకిలీ చాలాసార్లు అక్కడే దొరికిపోతుంది.

అసలు కష్టం కాగితాలతో. 1940 సెప్టెంబరులో లండన్ మీద పడిన బాంబులకు మొదటి ప్రపంచ యుద్ధపు సిపాయిల సేవా పత్రాల్లో సగానికి పైగా బూడిదయ్యాయి. మిగిలినవి ‘కాలిన పత్రాలు’గా పేరుపడి లండన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. వాటితో పతకాల సూచిక కార్డులు, పటాలాల యుద్ధ దినచర్యలు, మృతుల జాబితాలు సరిపోల్చి, ఒకే పేరున్న ఎందరిలోంచో అసలు మనిషిని తేల్చాలి. పటాలం మారితే నంబరూ మారిన సందర్భాలున్నాయి. అయినా విడవకుండా ఒక అనామక సిపాయికి అతని చరిత్రను తిరిగి ఇవ్వడం ఎంతో గౌరవించదగ్గ పని.

రెండో ప్రపంచ యుద్ధపు నక్షత్ర పతకాలను బ్రిటిష్ సైనికులకు పేర్లు లేకుండానే ఇచ్చారు. భారత సైనికులకిచ్చినవాటి మీద మాత్రం పేర్లు కొట్టారు. అందువల్ల మద్రాస్ సాపర్స్ పటాలంలో పనిచేసిన తెలుగు సిపాయి పతకం పాత సామాన్ల దుకాణంలో కనిపించినా, అది ఎవరిదో వెతికేందుకు దారి ఉంటుంది.