పిల్లల చేతికి అందే ఈస్టర్

డిసెంబరు వచ్చిందంటే తెలుగు క్రైస్తవుల ఇళ్లను దూరం నుంచే గుర్తుపట్టవచ్చు. వాకిట్లో నక్షత్రం వెలుగుతుంది. పశువుల పాక కట్టడానికి పిల్లలు వరిగడ్డి, అట్టముక్కలు పోగేస్తారు. యేసు ఎక్కడ పుట్టాడో నాలుగేళ్ల పాప కూడా టకటకా చెప్పేస్తుంది. ఈస్టర్ దగ్గరకు వచ్చేసరికి ఆ హడావుడి ఇంట్లో కనిపించదు, చర్చికే పరిమితమవుతుంది. శుభ శుక్రవారం నాడు మూడు గంటల ఆరాధనలో పిల్లలు అమ్మ ఒడిలో నిద్రపోతారు. ఆదివారం చీకటితోనే లేపి తీసుకెళితే కళ్లు నులుముకుంటూ నడుస్తారు. అన్నీ చూస్తారు గానీ, ఎందుకో వాళ్లకు విడమరిచి చెప్పేవాళ్లు తక్కువ. క్రీస్తు లేవకపోతే మన విశ్వాసమే వ్యర్థమని పౌలు కొరింథు సంఘానికి రాశాడు. అంతటి పండుగకు ఇంట్లోనూ చోటుండాలి.

ఇంట్లో నేర్పే పద్ధతి ఈ పండుగకు పుట్టుకతోనే ఉంది. యూదుల పస్కా విందులో ఇంటిల్లిపాదీ బల్ల చుట్టూ కూర్చుంటారు. పొంగని రొట్టె, చేదు కూరలు, ఉప్పునీళ్లు ముందుంటాయి. ఈ రాత్రి మిగతా రాత్రుల కంటే ఎందుకు వేరని అందరికంటే చిన్నవాడు అడుగుతాడు. జవాబుగా పెద్దలు ఐగుప్తు నుంచి బయటపడిన కథ చెబుతారు. పిల్లలు అడిగితే ఏం చెప్పాలో నిర్గమకాండం 12వ అధ్యాయంలోనే ఉంది. యేసు శిష్యులతో చివరిసారి భోజనానికి కూర్చున్నది ఈ పస్కా రోజుల్లోనే.

కేరళ సిరియన్ క్రైస్తవులు ఆ సంప్రదాయాన్ని నేటికీ ఇంట్లోనే నిలుపుకుంటున్నారు. ఈస్టర్‌కు ముందు గురువారం రాత్రి బియ్యప్పిండి, మినప్పప్పుతో పులియబెట్టని పెసహా అప్పం చేస్తారు. దాని మీద మట్టల ఆదివారం నాటి ఆకుతో సిలువ గుర్తు పెడతారు. ప్రార్థన అయ్యాక ఇంటిపెద్ద దాన్ని కోసి వయసు వరసన అందరికీ పంచుతాడు. బెల్లం, కొబ్బరిపాలతో కాచిన పాలలో అద్దుకుని తింటారు. ఆ ఏడు ఎవరింట్లోనైనా మరణం జరిగితే వాళ్లు అప్పం చేయరు, చుట్టాలో ఇరుగుపొరుగువారో తెచ్చిస్తారు.

ఈ రెండు ఆచారాలనూ గమనిస్తే తెలుగు ఇళ్లకు పనికొచ్చే సూత్రాలు మూడు దొరుకుతాయి. పిల్లల చేతికి ఏదో ఒక పని ఉండాలి. ఆ పని చూసి వాళ్లే ప్రశ్న అడగాలి. కథ వరస తప్పకూడదు, శుక్రవారాన్ని దాటేసి ఆదివారానికి దూకకూడదు.

మొదటి అవకాశం ఈస్టర్‌కు వారం ముందు వచ్చే మట్టల ఆదివారం. ఈత మట్టలో, కొబ్బరి మట్టలో పట్టుకుని పిల్లలు హోసన్నా అంటూ ఊరేగింపులో నడుస్తారు. ఇంటికొచ్చాక ఆ ఆకును చీల్చి సిలువలా మడిచి బైబిల్లో దాచడం నేర్పవచ్చు. యేసుకు జేజేలు పలికిన నగరంలోనే అయిదు రోజులకు సిలువ వేయమన్న కేకలు లేచాయని అప్పుడు చెప్పాలి. కతోలిక దేవాలయాల్లో పాత మట్టలను కాల్చి, మరుసటి ఏడు భస్మ బుధవారం నాడు ఆ బూడిదతోనే నుదుట సిలువ గీస్తారు. దాచిన ఆకు ఎక్కడికి వెళుతుందో చూసిన పిల్లలకు పండుగ ఏడాది పొడవునా గుర్తుంటుంది.

అదే సాయంత్రం ఇంకో పని చేయించవచ్చు. ముందురోజు రాత్రి నానబెట్టిన గోధుమలను మట్టి మూకుడులో మన్ను పోసి చల్లి, రోజూ నీళ్లు చిలకరించాలి. ఫిన్లాండ్‌లో పిల్లలు ఈస్టర్‌కు ముందు ఇలాగే గడ్డి విత్తనాలు చల్లి పెంచుతారు. గోధుమ గింజ భూమిలో పడి చస్తేనే ఫలిస్తుందని యేసు తన మరణం గురించి చెప్పిన పోలిక యోహాను సువార్తలో ఉంది. శుక్రవారానికి మొలకలు తల ఎత్తుతాయి, ఆదివారానికి మూకుడు పచ్చబడుతుంది.

గురువారం నాడు చెంబు, పళ్లెం, తువ్వాలు చాలు. మన ఇళ్లలో పెద్దల కాళ్లు పిన్నలు కడుగుతారు, పెళ్లిలో అల్లుడి కాళ్లు మామ కడుగుతాడు. ఆ రాత్రి మాత్రం నాన్న కింద కూర్చుని కొడుకు కాళ్లు, కూతురి కాళ్లు కడిగితే పిల్లలు కాళ్లు వెనక్కి లాక్కుంటారు. యేసు శిష్యుల కాళ్లు కడిగినప్పుడు పేతురూ అలాగే వద్దన్నాడు. గురువు ఎందుకు వంగాడో చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు.

శుక్రవారం కష్టమైన రోజు. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల్లో మూడు లూకాలో, మూడు యోహానులో, ఒకటి మత్తయి, మార్కుల్లో ఉన్నాయి. మన చర్చిల్లో మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా వీటి మీద ప్రసంగాలు సాగుతాయి. అవన్నీ పిల్లల తలకెక్కవు. ఇంట్లో ఏడు కొవ్వొత్తులు వెలిగించి, మాటకొకటి చొప్పున పిల్లల చేతే ఆర్పిస్తే నిశ్శబ్దంగా వింటారు. అయిదేళ్ల పిల్లలకు మేకుల గురించి వర్ణించనక్కర్లేదు. తనను హింసించేవాళ్లను క్షమించమని అడిగిన మొదటి మాట చాలు. తమ్ముడితో పోట్లాడి అలిగిన పిల్లకు ఆ మాట వెంటనే తగులుతుంది.

శనివారం గుడ్ల పని. ఒకప్పుడు ఈస్టర్‌కు ముందు ఉపవాసాలుండే శ్రమల కాలంలో గుడ్లు తినేవారు కాదు, అందుకే ఈస్టర్ నాటికి అవి పోగుపడేవి. తూర్పు సంఘాలవారు క్రీస్తు రక్తానికి గుర్తుగా వాటికి ఎర్రరంగు వేస్తారు. గ్రీకు ఇళ్లలో ఒకరి గుడ్డుతో మరొకరి గుడ్డును ఢీకొట్టి పగలగొడతారు, పెంకు పగలడం సమాధి తెరుచుకోవడానికి గుర్తు. మనింట్లో రంగు కొననవసరం లేదు. పది పన్నెండు ఉల్లిపాయల పొట్టును నీళ్లలో అరగంట మరిగించి వడకట్టి, ఒక చెంచా వెనిగర్ కలపాలి. తెల్ల గుడ్డు మీద కొత్తిమీర ఆకు అతికించి, పాత పలుచని గుడ్డముక్కతో బిగించి కట్టి, ఆ నీళ్లలో ఉడికించాలి. విప్పి చూస్తే ఇటుక రంగు పెంకు మీద ఆకు ఆకారం తెల్లగా నిలిచి ఉంటుంది. మాల్స్‌లో కనిపించే కుందేలు జర్మన్ల వేడుక నుంచి వచ్చింది. దానితో ఆడుకోనివ్వండి, సువార్త కథలో మాత్రం అది లేదని చెప్పండి.

ఆదివారం తెల్లవారుజామున సమాధుల తోటకు వెళ్లడం తెలుగు ప్రొటెస్టెంట్ కుటుంబాల్లో చాలాచోట్ల ఉన్న ఆచారం. ముందురోజే సమాధులకు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు సిద్ధం చేసుకుంటారు. సూర్యోదయ ఆరాధనకు పాత ఆనవాళ్లు జర్మనీలోని హెర్న్‌హూట్‌లో ఉన్నాయి. 1732లో అక్కడి మొరావియన్ యువకులు ఈస్టర్ వేకువన శ్మశానంలో చేరి పాటలు పాడారు. ఖాళీ సమాధి సంగతి పిల్లలకు అర్థమయ్యేది ఇక్కడే. తాతయ్య పేరు చెక్కిన రాయి ముందు వత్తి వెలిగిస్తున్న మనవరాలు, తాతయ్య కూడా లేస్తాడా అని తప్పక అడుగుతుంది. క్రీస్తు లేచాడు గనుక ఆయనా లేస్తాడని నమ్ముతున్నామని సూటిగా చెప్పాలి. తాతయ్య మీద బెంగ ఉందంటే ఏడవనివ్వాలి. యేసు సమాధి దగ్గర మగ్దలేనే మరియ కూడా ఏడ్చింది.

కతోలిక కుటుంబాలకు ఈ పాఠం శనివారం రాత్రి జాగరణలోనే దొరుకుతుంది. దీపాలన్నీ ఆర్పిన దేవాలయంలో కొత్త నిప్పుతో పాస్కా కొవ్వొత్తి వెలిగిస్తారు. దాని మీద సిలువ, ఆ ఏటి అంకెలు ఉంటాయి. ఆ మంట చేతి కొవ్వొత్తులకు ఒకరి నుంచి ఒకరికి అందుతుంది. పిల్లలను వెనక వరసలో నిద్రపోనివ్వకుండా ముందు నిలబెట్టి, ఆ అంకెలు చదివించండి.

2027లో మట్టల ఆదివారం మార్చి 21న, ఈస్టర్ మార్చి 28న వస్తాయి. ఒంటిపూట బడుల రోజులు కాబట్టి సాయంత్రాలు పిల్లలు ఇంట్లోనే ఉంటారు. అన్నీ ఒకే ఏడాది చేయాలని లేదు. ఒక్కటి ఎంచుకుని, ఏటా తప్పకుండా చేయండి.