మట్టి తీసే చెయ్యి

మంచిర్యాల పత్తి చేలల్లో మట్టి నమూనా తీసేవాళ్ల పని చూస్తే ముచ్చటేస్తుంది. పైచెత్త గీకి, ‘వి’ ఆకారంలో 15 సెంటీమీటర్ల గుంట తవ్వి, అంచు వెంట సన్నని పొర చెక్కుతారు. ఇట్లా పది చోట్ల. అన్నీ కలిపి గుండ్రంగా పరిచి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండూ పారబోస్తారు. అరకిలో మిగిలేదాకా అదే పని. యూరియా సంచి మీద మాత్రం ఆరబొయ్యరు, మట్టి అబద్ధం చెప్తదని! లోహాల లెక్కకైతే ఇనుప పారనూ పక్కన పెడతారు.

ఆ నమూనా పరీక్షలో మట్టిలోని విషమేదో తెలిస్తేనే విరుగుడు. చాలా పురుగుమందుల్ని పశువుల ఎరువుతో పెరిగిన సూక్ష్మజీవులు మెల్లగా విరగ్గొడతాయి. 2011లో సుప్రీంకోర్టు ఆపించిన ఎండోసల్ఫాన్ లాంటివి మొండివి. సీసం, కాడ్మియం అసలు విరగవు. వాటిని ఆవమొక్కలతో కొంత కొంతగా లాగించి, కోసి, చేను దాటించాలి. ఆ మొక్కల్ని గొడ్లకు వెయ్యొద్దు.